పటికతో అద్దిన మధ్యాహ్నం

మా మేనకోడలు రమ్య ముందు ఫోన్ చెయ్యకుండా గవర్నర్‌పేటలో మా ఇంటికి రాదు. వస్తే చెప్పులు విప్పుతూనే మాటలు మొదలుపెడుతుంది. ఆ రోజు ఫోనూ లేదు, మాటలూ లేవు. పాత పంచెలో చుట్టిన మూటొకటి పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అత్తా, ఇదేంటో నీకేమైనా తెలుసేమో చూడు," అంది. పెడన దగ్గర కాలవ గట్టున మా నాన్న పెట్టిన కలంకారీ అద్దకం షెడ్డుని ఆయన తరవాత మా తమ్ముడు నడిపాడు, ఇప్పుడు వాడి కూతురు ఈ పిల్ల నడుపుతోంది. షెడ్డుకి కొత్త రేకులు వేయిస్తూ పాత చెక్కపెట్టె జరిపితే అడుగున ఈ మూట దొరికిందట. విప్పకముందే నాకు వాసన తెలిసింది. కరక్కాయ వాసన. అరవై ఏళ్ళ తరవాత కూడా అది పోలేదు. నా నోరంతా వగరైపోయింది, అప్పటికింకా నేను మూట మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

లోపల ఉన్నది నాలుగు గజాల నూలు గుడ్డ. ఒకప్పటి లేత పసుపు కాస్తా మీగడ రంగుకి తిరిగింది, మడతల దగ్గర నలిగింది. రమ్య దాన్ని భోజనాల బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఖాళీ గుడ్డే కదత్తా. కరక్కాయ పట్టించి ఆరేశారు, ఆ పైన ఏం చెయ్యలా. తాతయ్య దీన్ని పంచెలో చుట్టి మరీ ఎందుకు దాచాడంటావ్?"

"ఖాళీ కాదే. అద్దకం అయిన గుడ్డ అది. రాజ్యం పిన్ని అద్దింది."

"ఎవరూ, ఆ కాలవలో..." అని ఆగిపోయింది. మా ఇంట్లో ఆ వాక్యం ఎవరూ పూర్తిచెయ్యరు. మూడు తరాలుగా అక్కడే ఆగుతోంది.

రాజ్యం పిన్ని మా అమ్మకి చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. మా ఇల్లూ షెడ్డూ ఒకే దొడ్లో ఉండేవి కాబట్టి మా తిండికీ, నిద్రకీ, బట్టలకీ అద్దకం వాసన అంటుకునే ఉండేది. దొడ్లో ఒక మూల పెద్ద కుండలో తుప్పు పట్టిన మేకులూ, లాడాలూ, బెల్లమూ వేసి నీళ్ళు పోసి వారాల తరబడి నానబెట్టేవాళ్ళు, నల్లరంగు కోసం. ఆ పులిసిన కంపుకి పక్కింటివాళ్ళు ముక్కు మూసుకుని పోట్లాటకి వచ్చేవాళ్ళు. మాకు మాత్రం ఆ కంపు లేని రోజు ఇంట్లో ఏదో తక్కువైనట్టు ఉండేది. నాన్న పొద్దున్నే కాఫీ తాగకముందు పటిక నీళ్ళు రుచి చూసేవాడు. వేలి కొసతో చుక్క తీసి నాలుక మీద పెట్టుకుని, ఒక కన్ను మూసి, గోడ మీద బల్లి ఏదో చెబుతున్నట్టు చెవి వొగ్గి కాసేపు నిలబడేవాడు. తరవాత "ఇంకో దోసెడు పడాలి" అనో, "చాల్లే" అనో అనేవాడు. కొలతగ్లాసులు వచ్చాక కూడా ఆయన నాలుకనే నమ్మాడు. అమ్మ ఆ నాలుకతో కాఫీ ఎలా తాగుతారని విసుక్కునేది. ఆ ఇంట్లో నవ్వులకి లోటు లేదు, ఆ మధ్యాహ్నం దాకా.

అద్దకం తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుపనీళ్ళు తగిలినచోట అప్పటికప్పుడే నలుపు వస్తుంది. పటిక తగిలినచోట ఏమీ రాదు. తడి ఆరిందంటే అక్కడ అచ్చు పడిందని కూడా ఎవరూ చెప్పలేరు. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, రాగి కాగులో మంజిష్ఠ వేర్లూ చెక్కా వేసి ఉడికిస్తే అప్పుడు పటిక ఉన్నంత మేరా ఎర్రబడుతుంది. అదే పటికని పూల కషాయంలో ఉడికిస్తే పసుపు వస్తుంది. చిన్నప్పుడు నేను నాన్న వెంటపడి అడిగేదాన్ని.

"నాన్నా, ఇప్పుడు అది ఏ రంగు?"

"ఇప్పుడు ఏ రంగూ కాదు."

"ఎర్రగా వస్తదిగా?"

"కాగులో దిగాక తేల్చుకుంటదిలే. మనకెందుకు తొందర?"

అచ్చు ఎక్కడ పడిందో కనపడకపోతే అద్దేవాళ్ళు తికమకపడతారు కాబట్టి పటికలో కాస్త ఉత్తుత్తి రంగు కలుపుతారు, అది నీళ్ళలో పోతుంది. పిన్ని మాత్రం కలపనిచ్చేది కాదు. బల్ల ముందు కూచుని, అచ్చుని పటికలో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేసేది. ఏమీ పడినట్టుండదు. ఆ పక్కనే మళ్ళీ పెట్టేది, మళ్ళీ దెబ్బ. మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ, ఏ గుర్తూ పడని గుడ్డ మీద ఒక మనిషి అలా గంటల తరబడి ఠప్పు, ఠప్పుమని కొడుతూ కూచుంటే నాకు దడగా ఉండేది. షెడ్డు గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేదాన్ని. కుడిచేతి చూపుడువేలి మీద ఒకసారి టేకు అచ్చు పడి ఆవిడ వేలి కొస చితికింది. ఆ వేలు మిగతావాటికంటే పొట్టిగా, మొండిగా ఉండేది. దానితోనే గుడ్డని తడిమి చోటు చూసుకునేది. నాన్న కోప్పడేవాడు.

"రాజ్యం, నువ్వు అద్దేది నీకన్నా కనపడతందా?"

"నాక్కనపడక్కర్లేదు బావగారూ. కాగుకి కనపడితే చాల్దా?"

కాగుకి కనపడేది. ఆవిడ వరసల్లో వెంట్రుకవాసి తేడా కూడా ఎప్పుడూ రాలేదు. షెడ్డులో రెండు కట్టుబాట్లుండేవి. పటిక తడి ఉన్న చెయ్యి గుడ్డకి తగలకూడదు, తగిలితే ఉడికాక ఆ చెయ్యి అలాగే ఎర్రగా లేస్తుంది, గుడ్డ పాడు. రెండోది, ఎవరు అద్దిన గుడ్డని వాళ్ళే కాగులో కలపాలి. ఇది నాన్న పెట్టిన రూలు, తప్పు ఎవరిదో వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూసుకోవాలని. అందుకే పిన్ని ఆఖరి గుడ్డ ఉడకలేదు. కలపాల్సిన మనిషి లేదు.

పిన్ని అద్దకం సంగతి విని రమ్య నా మొహంలోకి అదోలా చూసింది. ఎం.బి.ఏ. చదివిన పిల్ల, కంటికి కనపడనిదాన్ని స్టాకులో రాయదు. నేనేమో ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఏళ్ళకి పైగా ఫిజిక్సు చెప్పినదాన్ని, కంటికి కనపడనివే చెప్పి జీతం తీసుకున్నాను. బోర్డు మీద రాసేటప్పుడు నా కుడిచేతి చిటికెనవేలు చాక్‌పీసుతో సంబంధం లేనట్టు బయటికి వంగి ఉంటుంది. ఏడేళ్ళప్పుడు నూతి చప్టా మీద పడితే విరిగి అలాగే అతుక్కుంది. పిల్లలు నన్ను వెనకాల 'వంకీ మేడం' అనేవాళ్ళు. నాకు తెలుసు, తెలియనట్టు ఉండేదాన్ని. సిలబస్‌లో లేకపోయినా ఏటా ఒక పీరియడ్ న్యూట్రినోలకి ఇచ్చేదాన్ని. ఆ రోజు అదే పాఠం రమ్యకి కాఫీ ఇచ్చి చెప్పాను. సూర్యుడిలోంచి వచ్చే ఈ రేణువులు నీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకి కొన్ని వేల కోట్లు పోతున్నాయే, ఇంటికప్పు వాటికి అడ్డం కాదు, నువ్వు అడ్డం కాదు, భూమి కూడా అడ్డం కాదు, అన్నాను. రమ్య తన గోరు వంక చూసుకుంది.

వాటిలో మూడు రకాలున్నాయి. సూర్యుడి నుంచి బయల్దేరేవన్నీ ఒకటే రకం. వాటిని పట్టడానికి గనుల అడుగున పెద్ద తొట్టెలు కట్టి ఏళ్ళ తరబడి కాచుకుంటే, రావాల్సినదాంట్లో మూడోవంతే దొరికింది. సూర్యుడి గురించి మనకి తెలిసిందే తప్పని కొందరన్నారు, తొట్టె దగ్గర కూచున్నవాడిదే తప్పని కొందరన్నారు. చివరికి మూడు రకాల్నీ పట్టగలిగే తొట్టె కట్టాక తేలింది, ఒక్కటి కూడా తప్పిపోలేదు. వేరే రకంగా మారి వచ్చాయి. తొట్టెలు వాటిని ఆనవాలు పట్టలేకపోయాయి, అంతే.

"అట్టా ఎట్టా మారతాయత్తా?"

"మూడు రోకళ్ళతో ఒకే రోట్లో దంచుతుంటే విన్నావా? ముందు మూడూ కలిసి ఒకే పోటులా వినపడతాయి. ఒక్కో చేతిది ఒక్కో వేగం కదా, కాసేపటికి పోటు మారిపోద్ది, వేరే దరువవుద్ది. ఒక్కో న్యూట్రినోలో అట్టాంటి మూడు పోట్లున్నాయి."

"మరి దార్లో ఉన్నప్పుడు అది ఏ రకం?"

"ఏ ఒక్కటీ కాదే. పోయి దేనికో తగిలినప్పుడే తేలుద్ది."

రమ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టి గుడ్డ వంక చూసింది. "అచ్చం పటికే," అంది. తరవాత మెల్లిగా, "ఉడకేస్తే తెలిసిపోద్దిగా," అంది.

నేను మండిపడ్డాను. ఎందుకంత కోపం వచ్చిందో అప్పుడు నాకే తెలియలేదు, ఇప్పుడు తెలుసు. భయమేసింది. ఆ మధ్యాహ్నం సంగతి నాకు కంఠతా వచ్చు. దాన్ని ఎవరూ కదపడం నాకిష్టం లేదు.

ఆ మధ్యాహ్నం నా జ్ఞాపకంలో ఇలా ఉంది. దివిసీమలో పిన్ని అత్తవారు మంచాన పడ్డ మామగారికి చేసేవాళ్ళు లేరని కబురు పెట్టారు. మర్నాడే పంపాలని మావాళ్ళు నిర్ణయించారు. పిన్ని వెళ్ళనంది. ఒక్కసారే అంది, ఎవరూ వినకపోతే ఊరుకుంది. పొద్దున నాకు జడ వేస్తూ చెవి దగ్గర వంగి, "అమ్మడూ, మజ్జాన్నం అందరూ పడుకున్నాక షెడ్డులోకి రా. నీకో మాట చెప్పాలి. ఎవరికీ చెప్పమాక," అంది. సరేనన్నాను. కాని వెళ్ళలేదు. పక్కింటి అరుగు మీద చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుతూ కూచున్నాను, దోరగా కూడా లేని పచ్చి జామకాయ కొరుకుతూ. ఆ వగరు ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. షెడ్డులోంచి అచ్చు చప్పుడు వినపడుతూనే ఉంది. కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది కాని తేడాగా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎక్కువగా, చేతిలో బలం లేనట్టుగా. తరవాత పూర్తిగా ఆగిపోయింది. నేను ఆట గెలిచాను.

సాయంత్రం కాలవ రేవు మెట్ల మీద పిన్ని చెప్పులు కనిపించాయి. పక్కపక్కన, నీళ్ళవైపు తిరిగి ఉన్నాయి. లాకుల దాకా వెతికారు, ఏమీ దొరకలేదు. ఆ తరవాత ముగ్గురు మనుషులు మూడు మాటలు తెచ్చారు. నూలు కొనడానికి బెజవాడ వెళ్ళిన నాన్న స్నేహితుడు, వన్ టౌన్‌లో గోడౌన్ల సందులో పిన్ని ఒక షాపు మెట్లు దిగుతుంటే చూశానన్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసిందట, కాని ఎవరినో చూసినట్టు చూసి వెళ్ళిపోయిందట. కూచిపూడి వైపు బంధువు ఒకావిడ, ఆడవేషం కట్టే మగవాళ్ళకి జడలు వేస్తూ ఒకామె ఉందనీ, నడకా గొంతూ వేరుగానీ చూపుడువేలు మొండిదేననీ చెప్పింది. పడవవాడు మాత్రం ఆ రోజే ఆవిడని అవతలి గట్టుకి దింపాననీ, వొట్టి కాళ్ళతో ఉందనీ ఒట్టేశాడు. అమ్మ ఇవేవీ నమ్మలేదు. ఏడాది తిరిగాక దర్భలతో బొమ్మ చేయించి కర్మ జరిపించింది. నేను ముగ్గురినీ నమ్మాను, అమ్మనీ నమ్మాను. ఇన్నేళ్ళ తరవాత కూడా గవర్నర్‌పేటలో సిటీబస్సు దిగే ముసలివాళ్ళ చేతివేళ్ళు చూస్తాను. పిన్ని బతికుంటే ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటి ఉంటాయి.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. "నువ్వు షెడ్డుకెళ్ళావా?" అని అమ్మ అందరి ముందూ అడిగింది. "వెళ్ళలేదు" అన్నాను. తరవాత నాన్న అడిగాడు, పిన్ని అత్తవారు అడిగారు, నా పెళ్ళయ్యాక మా ఆయన అడిగారు. అందరికీ అదే జవాబు. వెళ్ళి ఉంటే చెప్పుకునేది. చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నవాళ్ళు నీళ్ళవైపు పోరు. పదేళ్ళ పిల్లని ఆటలో పడి మరిచిపోయాను, దానికి ఒక మనిషి ఖర్చయిపోయింది. ఇది నా బతుకులో పెద్ద తప్పని నేను ఒప్పుకున్నాను, దానితో కాపురం చేశాను.

రమ్య వదల్లేదు. వారం రోజులు ఫోన్ చేస్తూనే ఉంది. "తాతయ్య రూలు మరి?" అని దబాయించాను. "ఆవిడ ఎటూ రాదు కదత్తా, నువ్వొచ్చి కలుపు," అంది. ఒక పొద్దున బందరు బస్సెక్కి వెళ్ళాను. షెడ్డులో కొత్త రేకుల కింద బల్లల దగ్గర ఆడవాళ్ళు ఫోన్లలో పాటలు పెట్టుకుని అద్దుతున్నారు. పటిక గిన్నెలో ఉత్తుత్తి రంగు చక్కగా కలిసి ఉంది. ఇనుపనీళ్ళ కుండ పాత మూలలోనే ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డవాళ్ళని కూచోమని, నేను ఎక్కడ కూచోవాలో తెలియక కాసేపు నిలబడే ఉన్నాను.

గుడ్డ జాడించడానికి రమ్య మోకాళ్ళ లోతు కాలవలో దిగింది. గుర్రపుడెక్క తోసి, ప్లాస్టిక్ సంచీలు ఏరి పారేసి, చోటు చేసుకుని గుడ్డని ప్రవాహంలో విప్పి వదిలింది. మడత పడితే అద్దకం ఒకదానికొకటి అంటుకుంటుంది కాబట్టి అలా తేలనివ్వాలి. అదే రేవు, అవే మెట్లు. గుడ్డ నీళ్ళ మీద వెల్లకిలా పడుకున్న మనిషిలా కదిలింది. నేను మొహం తిప్పుకున్నాను.

కాగు దగ్గర కర్ర నా చేతికిచ్చారు. చాలాసేపు ఏమీ కాలేదు. ఎర్రటి నీళ్ళలో గుడ్డ గోధుమరంగుగా మెలికలు తిరుగుతోంది. పాతబడి పటిక చచ్చిపోయి ఉంటుందని రమ్య అంది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇక ఇంటికి పోవచ్చనుకున్నాను. అప్పుడు లేత గులాబీగా ఒక రేక తేలింది. దాని పక్కన ఇంకో రేక. చూస్తుండగా పువ్వయింది, తీగయింది, వరస వెనక వరస ఎర్రబడుతూ పైకి వచ్చాయి. అరవై ఏళ్ళ కిందట చేసిన పని, ఇప్పుడే ఎవరో నీళ్ళ అడుగున కూచుని అద్దుతున్నట్టు వచ్చింది. వరసల్లో ఎక్కడా తేడా లేదు. అద్దేవాళ్ళు పాటలు ఆపి చుట్టూ చేరారు.

గుడ్డని కర్ర మీద ఎత్తి గట్టు మీద గడ్డిలో పరిచాం. మూడొంతులు పరిచాక రమ్య ఆగింది.

"అత్తా, ఇక్కడ చెయ్యి తగిలింది. పాడైంది."

తగల్లేదు. అది పెట్టిన చెయ్యి. ఐదు వేళ్ళూ విప్పి, అరచెయ్యి పూర్తిగా ఆనించి, కావాలని నొక్కి పెట్టింది. చూపుడువేలు పొట్టిగా, మొండిగా ఉంది. వెంట్రుకవాసి తప్పని మనిషి, షెడ్డు కట్టుబాటు తెలిసిన మనిషి, గుడ్డ నడుమ చెయ్యి పెట్టింది. దాని పక్కన, వేలికొసలు ఆనుకునేంత దగ్గరగా, ఇంకో చెయ్యి ఉంది. చిన్నది. పిల్ల చెయ్యి. దాని చిటికెనవేలు మిగతా వేళ్ళతో సంబంధం లేనట్టు బయటికి వంగి ఉంది.

రమ్య ఆ చెయ్యి చూసింది. కర్ర పట్టుకున్న నా చెయ్యి చూసింది.

"నేను కాదు," అన్నాను. "నేను వెళ్ళలేదు."

"అత్తా, కూచో."

"నేను పక్కింటి అరుగు మీద ఉన్నానే! నాకు గుర్తుంది."

చేతుల తరవాత ఇంకో వరస ఉంది. అదే అచ్చు, అవే పువ్వులు, కాని వంకరటింకరగా, కొన్ని సగమే పడి, కొన్ని ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. పిడికిలిలో బలం లేనివాళ్ళు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగి చోటు వెతుక్కున్నవాళ్ళు అద్దిన వరస. మొత్తం పదకొండు. ఆ పదకొండు దెబ్బలూ నేను విన్నాను. అరుగు మీద కూచుని దూరం నుంచి విన్నాననే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ తరవాత గుడ్డ ఖాళీగా ఉంది, ఈసారి నిజంగానే ఖాళీగా.

నాన్న చేసినట్టే చెయ్యాలనిపించింది. రమ్యనడిగి పటిక నీళ్ళు తెప్పించి, వేలి కొసతో చుక్క తీసి నాలుక మీద పెట్టుకున్నాను. జామకాయ. దోర కూడా కాని ఆ పచ్చి జామకాయ, అదే వగరు, నాలుక పక్కలు అదే లాగడం. పక్కింట్లో జామచెట్టే లేదు. కొబ్బరిచెట్టొకటి ఉండేది. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. అష్టాచెమ్మా ఒక్కరే ఆడే ఆట కాదు. ఆ అరుగు మీద నాకు ఎదురుగా ఎవరు కూచున్నారు? నేను గెలిచింది ఎవరి మీద? ఇన్నేళ్ళలో వేల సార్లు ఆ మధ్యాహ్నాన్ని చూసుకున్నాను, ఎదుటి మనిషి మొహం లేదని ఒక్కసారి కూడా గమనించలేదు.

ఇంకొకటి కూడా గుర్తొస్తోంది. అమ్మ నూతి దగ్గర నా చేతులు చింతపండు పెట్టి తోముతోంది, చర్మం బిగుసుకుని మంట పుడుతోంది. "ఎవరడిగినా వెళ్ళలేదనే చెప్పు. వెళ్ళలేదు, అంతే," అంటోంది, ఏడుస్తోంది. ఇది నిజంగా జరిగిందో, ఆ గుడ్డ చూశాక నా బుర్ర అల్లిందో నాకు తెలియదు. ఫిజిక్సు చెప్పినదాన్ని, ఒకసారి మోసపోయిన సాక్షిని మళ్ళీ నమ్మకూడదని తెలుసు. క్లాసులో పిల్లలకి ఒక మాట చెప్పేదాన్ని. బరువన్నదే లేనిదానికి కాలం గడవదు, కాలం గడవనిది మారలేదు, న్యూట్రినో దారిలో మారిందంటే దానికి ఎంతో కొంత బరువు ఉన్నట్టే, అని. సూర్యుడి నుంచి ఇక్కడికి ఎనిమిది నిమిషాల దారి. అంతలోనే వేరే అయిపోతుంది. నేను అరవై ఏళ్ళు మోశాను.

గుడ్డ ఆరాక పిన్ని చేతి మీద నా చెయ్యి పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది, ఆవిడ మొండి చూపుడువేలూ నా వంకర చిటికెనవేలూ తప్ప. ఆవిడకి అప్పుడు ఇరవై నాలుగో ఇరవై అయిదో, ఇప్పటి రమ్యకంటే చిన్నది. నేను ఇన్నాళ్ళూ ఆవిణ్ణి పెద్దమనిషి అనుకుంటూ వచ్చాను. చిన్నపిల్లే. ఇల్లంతా పడుకుంటే, మాట చెప్పుకోవడానికి పదేళ్ళ పిల్లని పిలుచుకుంది. నా తడి చెయ్యి పట్టుకుని గుడ్డ మీద పెట్టించింది. ఉత్తుత్తి రంగు లేకుండా, కాగుకి తప్ప ఎవరికీ కనపడకుండా.

ఇన్నేళ్ళ నా తప్పు పోయింది, దానికి సంతోషించాలి. పోయినచోట ఇంకోటి వచ్చి కూచుంది. నేను వెళ్ళాను. పదకొండు అచ్చులు వేసేంతసేపు అక్కడ ఉన్నాను. ఆవిడ చెప్పాలనుకున్నది చెప్పకుండా ఉంటుందా? చెప్పింది. నేను విన్నాను. వన్ టౌన్‌కో, కూచిపూడికో, అవతలి గట్టుకో, నీళ్ళలోకో, ఎక్కడికి పోతోందో నాకు చెప్పే ఉంటుంది. అది నాలోనే ఎక్కడో ఉంది, మారిపోయి, ఇంకేదో జ్ఞాపకంలా కూచుని. ఏ జామకాయగా, ఏ ఆటగా, ఎవరి గొంతుగా ఉందో తెలియదు. ఇప్పుడు నా చిన్నతనంలో ఏది గుర్తొచ్చినా దాన్ని తిప్పి చూస్తున్నాను, ఇది నువ్వేనా పిన్నీ, అని.

బస్సు దాకా రమ్య దిగబెట్టడానికి వచ్చింది. రేవు మెట్ల దగ్గర ఆగి, ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"ఆ మజ్జాన్నం నువ్వు షెడ్డుకెళ్ళావా అత్తా?"

జవాబు నోటిదాకా వచ్చేసింది, అరవై ఏళ్ళ అలవాటు. మింగేశాను. నాలుక మీద పటిక ఇంకా వగరుగానే ఉంది.

"వెళ్ళానమ్మా," అన్నాను.

"ఏం చెప్పింది?"

మెట్ల కింద నీళ్ళు లాకులవైపు పోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"చెప్పింది," అన్నాను.